తినని పండు

పోయిన వారం ఈ ఇంటిని మనం వదిలేసి వచ్చేటప్పటికి అక్కడ ఎవరి మొహాలూ బాగాలేవు. ఇవాళే కొత్తగా ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్లు కంగారు పడక్కర్లేదు. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాత పాఠకులు కాస్త ఓపిక పట్టండి.

మావయ్యగారిది మామిడిపళ్ల వ్యాపారం. బజారులో ఆయన్ని అందరూ ముక్కాయన అంటారు. పండు ఎలాంటిదో తెలియడానికి ఆయన నొక్కి చూడడు, కొరికి చూడడు. తొడిమ దగ్గర ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, "ఇది ఇవాళ తినాలి, ఇది ఎల్లుండికి" అని తేల్చేస్తాడు. షుగరు ఉందని బయటపడిన ఏడాది నుంచీ ఆయన మామిడిపండు నోట పెట్టలేదు. చుట్టూ పళ్ల బుట్టలే. కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఓ చెక్క కోసి రుచి చూపిస్తాడు. తను మాత్రం చాకుకి అంటిన రసం కూడా నాలిక్కి తగలనివ్వడు. ఆ నిగ్రహం గురించి అత్తయ్యగారు చుట్టాలందరి దగ్గరా చెప్పుకుని మురిసిపోయేది.

అలాంటి మనిషికి ఒకరోజు కొట్లో ఉన్నట్టుండి కళ్లు తిరిగాయి. కోడలు అక్కడికి దగ్గర్లోనే ఓ క్లినిక్‌లో డైటీషియన్. అక్కడివాళ్లంతా ఆమెని పథ్యం మేడమ్ అంటారు. కబురు తెలిసి పరుగున వచ్చింది. మావయ్యగారి వేలు స్పిరిట్ దూదితో తుడిచి, గుచ్చి, గ్లూకోమీటరులో అంకె చూసి గుడ్లు తేలేసింది.

"ఎన్ని తిన్నారు మావయ్యగారూ?" అంది. తిన్నారా అని కాదు, ఎన్ని తిన్నారు అని. అదీ బేరం మీదున్న నలుగురి ముందూ.

"ఒక్క ముక్క కూడా తినలేదమ్మా" అన్నాడాయన.

"అందరూ అలాగే అంటారు లెండి" అని ఆమె నోరు జారింది.

పెద్దాయన షట్టరు దించేశాడు. పళ్ల సీజను నడిమధ్యలో మూతపడ్డ ఆ కొట్టు మళ్లీ తెరుచుకోలేదు. ఇంకోసారి పరీక్ష చేద్దామంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అత్తయ్యగారు ఆయనతో మాటలు మానేసింది. చెప్పాల్సిందంతా కొడుకు చేత చెప్పిస్తోంది. కొడుకు ఉద్యోగం లిఫ్టులు బాగుచేయడం. పగలంతా మేడలు ఎక్కి దిగి, ఇంటికొచ్చి వంటింటికీ బాల్కనీకీ మధ్య కబుర్లు మోయడంతో పాపం అతని పని లిఫ్టు కన్నా హీనమైపోయింది. మనం వదిలేసిన చోటు ఇదీ. ఇక కథలోకి వద్దాం.

శనివారం పొద్దున క్లినిక్ హాల్లో కుర్చీలు చాలలేదు. పథ్యం మేడమ్ పాఠమంటే మామూలుగా వచ్చేది కొద్దిమందే. వాళ్లలోనూ సగంమంది ఫ్యాను గాలికి కునుకు తీయడానికి వస్తారు. ఈసారి బోర్డు మీద 'మామిడిపండు తినొచ్చా? ఎలా తినాలి?' అని రాసి పెట్టేసరికి షుగరుతో ఏ సంబంధమూ లేని మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.

ముందు వరసలో టైలరమ్మ ఉంది, మెడలో కొలత టేపుతో సహా. ఆమె పక్కన బస్సు డ్రైవరు. ఇద్దరికీ షుగరు, ఇద్దరికీ నోరు.

నిజం చెప్పాలంటే కోడలికి ఆ పూట ఆ పాఠం చెప్పబుద్ధి కాలేదు. మామిడిపండు పేరెత్తితే చాలు, బాల్కనీలో కుర్చీకి అతుక్కుపోయిన మావయ్యగారే కళ్ల ముందుకొస్తున్నారు. కానీ బోర్డు పెట్టింది తనే. పళ్లెం, చాకు, రెండు పళ్లు బల్ల మీద పెట్టుకుని మొదలుపెట్టింది.

"ముందు దీని మంచి చెప్పుకుందాం. ఇందులో సి విటమిన్ బాగా ఉంటుంది. ఈ పసుప్పచ్చ రంగుంది చూశారా, అది ఒంట్లోకి వెళ్లి ఎ విటమిన్ అవుతుంది. కళ్లకి, చర్మానికి మంచిది. పీచు ఉంటుంది, విరేచనం సాఫీగా అవుతుంది."

"ఆ ఒక్క ముక్క మా ఆవిడకి చెప్పండి మేడమ్" అన్నాడు డ్రైవరు. "నన్ను పండు వంక చూడనివ్వడం లేదు."

"మీరు చూసి ఊరుకోరనేమో" అంది టైలరమ్మ. హాలంతా నవ్వింది.

కోడలు పండు చెక్కు తీయడం మొదలుపెట్టింది. పండు బాగా మాగి ఉందేమో, రసం మణికట్టు దాకా కారింది.

"తొడిమ దగ్గర సొన ఉంటుంది, అది తగిలితే పెదాలు పొక్కుతాయి. అందుకని కాసేపు నీళ్లల్లో వేసి, కడిగి, అప్పుడు కోసుకోండి. షుగరు ఉన్నవాళ్లు అసలు తినకూడదని లేదు. మీ డాక్టరు వద్దంటే తప్ప, అరకప్పు ముక్కలు తినొచ్చు. కడుపునిండా భోంచేసి దాని మీద తినకండి. సాయంత్రం పూట బిస్కెట్లూ అవీ తింటారు కదా, వాటి బదులు తినండి. నాలుగు బాదం పప్పులో, కాస్త పెరుగో తోడుంటే ఇంకా మంచిది, షుగరు ఒక్కసారిగా పైకి లేవదు."

"జ్యూస్ చేసుకుంటే?" అన్నారెవరో వెనక నుంచి.

"జ్యూస్ అంటే ఏమవుతుంది? మూడు పళ్లు ఓ గ్లాసులోకి దూరిపోతాయి. వడకడితే పీచు పోతుంది. పైగా మనం ఊరుకోం, ఇంకో రెండు చెంచాల చక్కెర వేస్తాం. నమిలి తినే పండుని తాగేస్తే పొట్టకి తిన్నట్టే ఉండదు, రక్తానికి మాత్రం బాగా తెలుస్తుంది. ఎండబెట్టిన ముక్కలూ అంతే. చూడ్డానికి చిన్నవి, తీపి మాత్రం కుదించి పెట్టినట్టు. పచ్చికాయ ఉప్పేసుకుని తింటే తీపి తక్కువ, కానీ బీపీ ఉన్నవాళ్లు ఆ ఉప్పు దగ్గర జాగ్రత్త. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు."

టైలరమ్మ చెయ్యెత్తింది. "అన్నీ బాగానే ఉన్నాయి మేడమ్. మీ అరకప్పు నాకు పడుతుందో లేదో నాకెలా తెలుస్తుంది?"

"తినకముందు ఓసారి, తిన్న రెండు గంటలకి ఇంకోసారి షుగరు చూసుకోండి. తేడా ఎంతో తెలిసిపోతుంది."

"ఎలా చూసుకోవాలో చూపించండి మరి."

"మీ వేలివ్వండి."

"నా వేళ్లు రోజంతా సూదిపోట్లు తింటూనే ఉంటాయి. ఇవాళ్టికి మీ వేలు గుచ్చుకోండి" అంది టైలరమ్మ. మళ్లీ నవ్వులు.

కోడలు కూడా నవ్వింది. చేతులు కాగితపు రుమాలుతో తుడుచుకుంది. స్పిరిట్ దూదితో వేలి కొస శుభ్రంగా రుద్ది, ఆరనిచ్చి, గుచ్చి, నెత్తురు బొట్టు స్ట్రిప్పుకి తాకించింది. అందరికీ కనబడేట్టు మిషన్‌ని పైకెత్తి పట్టుకుంది. అంకె ఆమె కన్నా ముందు డ్రైవరు చూశాడు.

"మేడమ్!" అని లేచి నిలబడ్డాడు. "నా షుగరు కూడా ఎప్పుడూ అంత లేదు. వచ్చేముందు ఎన్ని లాగించారు?"

కోడలు మిషన్ తనవైపు తిప్పుకుంది. ఆమెకి షుగరు లేదు. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు.

"అయ్యో, ఒక్క ముక్క కూడా తినలేదండీ!" అంది.

"అందరూ అలాగే అంటారు లెండి" అని టైలరమ్మ సరదాగా అందుకుంది. "మీరే కదా మేడమ్ రోజూ మాతో అనేది."

హాలు గొల్లుమంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. పథ్యం మేడమ్ అడ్డంగా దొరికిపోవడం కన్నా వాళ్లకి వినోదం ఇంకేం కావాలి? అందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అయినా ఆమెకి ఒక్క క్షణం ఒళ్లు మండింది. నేను తినలేదు మొర్రో అంటుంటే వీళ్లు వినరేమిటి అనుకుంది. అలా అనుకున్న మరుక్షణం ఆ మాటలు అంతకుముందు ఎవరి నోట విన్నదో గుర్తొచ్చింది.

హాలు మూలనున్న సింకు దగ్గరికి వెళ్లింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది, గోళ్ల సందులు కూడా వదలకుండా. పొడిగుడ్డతో తుడుచుకుని ఇంకో వేలు గుచ్చుకుంది. ఈసారి అంకె మామూలు మనిషికి ఎంతుండాలో అంతే ఉంది.

"నెత్తురులో కాదు, నా చర్మం మీద ఉంది తీపి" అంది కోడలు. "పండు ఒలిచాను కదా, రసం వేలికి పట్టేసింది. నెత్తురు బొట్టుతో పాటు మిషన్ దాన్నీ కలిపి లెక్కేసింది."

"స్పిరిట్‌తో తుడిచారుగా?" అన్నాడు డ్రైవరు.

"తుడిచాను. అది చాలలేదు. నీళ్లతో, సబ్బుతో కడుక్కోవాల్సిందే."

చేతులు కడుక్కోమని ఆమె చదువుకున్న పుస్తకాల్లో ఉంది, మిషన్‌తో పాటు వచ్చే కాగితంలోనూ ఉంది. దూది ఉందిగా, ఇంకెందుకులే అని ఆమే అనుకుంది. ఎక్కడికంటే అక్కడికి నీళ్లూ సబ్బూ మోసుకుపోలేం కదా అని ఎప్పుడో సర్దుకుపోయింది. తెల్లారినప్పటి నుంచీ పళ్లు కోసి కోసి, రెండు చేతులూ రసంలో నానిన మావయ్యగారి వేలికి ఆ దూది ఏపాటి?

"పోన్లెండి మేడమ్, మీ మీద పడ్డ నింద చిటికెలో తుడిచిపెట్టుకుపోయింది" అంది టైలరమ్మ.

ఆ మాట పుండు మీద కారంలా తగిలింది. నాది చేతులు కడుక్కున్నంతసేపట్లో పోయింది, మరి ఆయనది? పాఠం అక్కడితో ఆపేసి, పళ్లెంలో ముక్కలు అందరికీ పంచమని చెప్పి, మిషన్ సంచిలో వేసుకుని కోడలు బస్సెక్కింది.

దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంది. మావయ్యగారూ, శాస్త్రపరంగా ఏమైందంటే... ఛీ, శాస్త్రం ఎందుకు? మావయ్యగారూ, పొరపాటు జరిగింది... జరిగిందేమిటి, తనే చేసింది. ఇల్లు చేరేసరికి కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు.

బాల్కనీలో పెద్దాయన కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. చూసేది వీధిని కూడా కాదు, ఊరికే అటు తిరిగి ఉన్నాడంతే. బుట్టలు దింపించే వేళకి దింపించే మనిషి ఇంట్లో కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. మనిషి చిక్కిపోయాడు. ఇల్లంతా సబ్బు వాసనా వంట వాసనా తప్ప ఇంకో వాసన లేదు. ఆ గొడవ జరిగిన నాటి నుంచీ ఆ ఇంట్లోకి ఒక్క మామిడిపండు రాలేదు. అంతకుముందు మాత్రం కొడుకూ కోడలూ తినడానికి రోజూ వచ్చేవి.

వంటింటి గుమ్మంలో అత్తయ్యగారు చిక్కుళ్లకి ఈనెలు తీస్తోంది. కొడుకు సోఫాలో కూర్చుని బూటు లేసులు విప్పుకుంటున్నాడు.

"ఒరేయ్, మీ నాన్నకి భోజనం వడ్డించానని చెప్పు" అంది అత్తయ్యగారు.

"నాన్నా, భోజనం..." అని కొడుకు మొదలుపెట్టాడు.

"ఆకలి లేదని చెప్పు" అన్నాడు పెద్దాయన.

కోడలు చెప్పులు కూడా విప్పకుండా తిన్నగా బాల్కనీలోకి వెళ్లి, ఆయన కుర్చీ పక్కనే నేల మీద కూర్చుంది.

"మావయ్యగారూ, మీరు తినలేదు" అంది.

ఆయన తల తిప్పి చూశాడు.

"ఆ రోజు మీరు పండు తినలేదు. నేనే తప్పు చేశాను. ఇవాళ నా చేతికి రసం అంటుకుంటే నా షుగరు కూడా అలాగే చూపించింది. నేనూ తినలేదు. ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు." కళ్లు తుడుచుకుని, హాల్లో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఒలవడం, గుచ్చుకోవడం, జనం నవ్వడం, సబ్బుతో కడుక్కోవడం, ఏదీ దాచలేదు. గుమ్మం దగ్గర చిక్కుడుకాయ విరిచే చప్పుడు ఆగిపోయింది.

పెద్దాయన సంతోషిస్తాడని ఆమె అనుకుంది. మీరూ అనుకునే ఉంటారు. ఆయనకి కోపమొచ్చింది.

"నీ చేతికి జిగురంటుకుంది కాబట్టి ఇవాళ నువ్వు నమ్మావు" అన్నాడు. "అంటుకోకపోతే? నేను చచ్చేదాకా దొంగతిండి తిన్నవాడినేగా?"

"మావయ్యగారూ..."

"ఉండమ్మా, చెప్పనీ. మిషన్ తప్పు చెప్పింది. సరే, మిషన్ కదా, చెబుతుంది. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. ఇన్నేళ్లు నా కొట్లో నేను తియ్యగా ఉంటుందంటే జనం రెండో మాట లేకుండా పట్టుకెళ్లారు. చెక్క కోసి చేతికిస్తే, మీరు చెప్పారుగా, ఇదెందుకు అనేవాళ్లు. వాళ్ల ముందు నువ్వు ఎన్ని తిన్నారు అని అడిగావు. అప్పటి నుంచీ నేను తియ్యగా ఉంటుందంటే వాళ్లకి ఏమనిపిస్తుందో ఆలోచించావా? అయినా బయటవాళ్ల సంగతి వదిలెయ్యి. ఇంట్లో ఒక్కళ్లు... ఒక్కళ్లంటే ఒక్కళ్లు, ఆయన అబద్ధమాడడు, అలా చెయ్యడు అనలేదు."

ఆఖరి మాట కోడలితో అన్నది కాదని అక్కడున్న అందరికీ తెలుసు. కొడుకు బూటు లేసు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అతనూ అనలేదు మరి. నమ్మానని చెబితే పెళ్లాంతో, నమ్మలేదంటే తండ్రితో ఎందుకొచ్చిన గొడవ అని తప్పించుకు తిరిగాడు. మెత్తటివాళ్లు చేసే అన్యాయం ఇలాగే ఉంటుంది, ఎవరికీ చప్పుడు వినబడదు.

"నిజమే మావయ్యగారూ" అంది కోడలు. "మిషన్ కన్నా ముందు నేనే అనుమానపడ్డాను. ఇంకోటి కూడా చెప్పాలి. క్లినిక్‌లో షుగరు ఉన్నవాళ్లందరికీ అరకప్పు తినొచ్చని చెబుతాను. మీకెప్పుడూ చెప్పలేదు."

"అరకప్పా?" అన్నాడాయన. కోపంలోనూ ఆ మాట మీద ఆయన చెవి పడింది. "పండా?"

"మీరే పూర్తిగా మానేశారు కదా, మంచిదే అనుకున్నాను. మళ్లీ మొదలుపెడితే మీకు అరకప్పుతో ఆగదని భయపడ్డాను."

"అంటే అప్పుడూ నన్ను నమ్మలేదన్నమాట."

"నమ్మలేదు."

ఇంత సూటిగా ఒప్పేసుకుంటుందని ఆయన అనుకోలేదు. కాసేపు ఆమె మొహంలోకే చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఈ పిల్ల తప్పు చేస్తే చేసింది గానీ, దాన్ని చుట్టూ తిప్పి అలంకరించి చెప్పడం లేదు. వ్యాపారం చేసినవాడు కదా, సరుకులో మచ్చ దాచకుండా చూపించినవాళ్లంటే ఆయనకి మొదటి నుంచీ గౌరవం. ఆయన మొహం కొద్దిగా మెత్తబడింది.

అత్తయ్యగారు లేచొచ్చింది. చిక్కుళ్ల గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. కొడుకు వైపు చూడలేదు, తిన్నగా భర్తకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"కాఫీ తాగుతారా?" అంది.

ఆయన తలెత్తి ఆవిడ వంక చూశాడు. "చక్కెర లేకుండానేనా?"

"ఇన్నాళ్లూ వేసిచ్చానా ఏంటి?"

"ఏమో. నువ్వు నాతో మాట్లాడ్డం లేదుగా, కోపం మీద వేసేశావేమో అనుకున్నా."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. గిన్నె పక్కన పెట్టి ఆయన కాళ్ల దగ్గర కూలబడి, "నన్ను నాలుగు తిట్టండి" అంది. "చుట్టాలందరికీ మిమ్మల్ని గొప్పగా చెప్పుకున్నానే, తల కొట్టేసినట్టయింది, అదొక్కటే చూసుకున్నాను. మీ మొహం చూడలేదు."

"తిట్లు తర్వాత. ముందు అరకప్పు సంగతి తేల్చండి" అన్నాడు పెద్దాయన. "ఒరేయ్, కొట్టు తాళాలు తీసుకో. లోపల ఎడంపక్క గడ్డిలో పెట్టినవి ఇవాళ్టికి మాగి ఉంటాయి. నాలుగు పట్రా. నొక్కి చూడకు, చెడగొడతావు. వాసన చూసి తీసుకో."

కొడుకు విప్పిన బూట్లు మళ్లీ తొడుక్కుని రెండేసి మెట్లు దిగుతూ పోయాడు. ఆ ఇంట్లో ఓ పని చేయడానికి అంత హుషారుగా అతను వెళ్లడం ఈ మధ్య కాలంలో అదే మొదటిసారి.

"తినేముందు చూడాలన్నావుగా. చూడు" అని పెద్దాయన తనే లేచి సింకు దగ్గరికి వెళ్లాడు. సబ్బు నురగ మోచేతుల దాకా పట్టించాడు. తుడుచుకుని, కోడలి ముందు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చాపడంలో ఆమెకి దక్కిన మన్నింపు ఎంతటిదో ఆమెకి అర్థమైంది.

అంకె వచ్చింది. షుగరు ఉన్న మనిషికి భోజనానికి ముందు ఉండాల్సిన దానికి కాస్త అటూ ఇటూగా ఉంది, అంతే.

"బ్రహ్మాండంగా ఉంది మావయ్యగారూ! ఆ రోజు ఎండలో నిలబడి నీళ్లు తాగక కళ్లు తిరిగుంటాయి. అయినా సోమవారం ఓసారి డాక్టరుకి చూపిద్దాం."

"సోమవారం కొట్టు తెరుస్తున్నా. మధ్యాహ్నం అయితే వస్తా" అన్నాడాయన.

ఆ మాట కోసమే కదా ఆమె బస్సులో అంతసేపు మాటలు వెతుక్కుంది! కోడలికి ఏడుపాగలేదు. పెద్దాయన ఆమె తల మీద చెయ్యి వేసి ఓసారి తట్టాడు. అప్పుడు ఆయనకి చిలిపితనం పుట్టుకొచ్చింది.

"ఇప్పుడు మీ అత్తయ్యది చూడు. ఊరికే మాటలతో గుచ్చడమే గానీ, తనని గుచ్చితే ఎలా ఉంటుందో ఆవిడకీ తెలియాలి."

"నాకెందుకండీ ఇవన్నీ!" అంది అత్తయ్యగారు. "నాకేం రోగముందని?"

"రండి అత్తయ్యగారూ, చీమ కుట్టినంతే" అంది కోడలు, కళ్లు తుడుచుకుంటూ.

"చేతులు కడుక్కో, మళ్లీ నా కోడల్ని నలుగురూ ఆడిపోసుకుంటారు" అన్నాడు పెద్దాయన.

అత్తయ్యగారు నవ్వుతూ సణుగుతూ చేతులు కడుక్కొచ్చింది. కొంగుతో తుడుచుకోబోతుంటే కోడలు ఆపి ఉతికిన తువ్వాలు ఇచ్చింది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని వేలు చాపితే పెద్దాయన పక్కన చేరి, "అయిపోయిందా? ఇంకా లేదా? అమ్మో, ఎంత నెత్తురో!" అని ఆటపట్టించాడు.

మిషన్ కూసింది. కోడలు అంకె చూసి, స్ట్రిప్పు తీసి పారేసింది.

"అత్తయ్యగారూ, ఇంకోసారి కడుక్కోండి" అంది.

"చిక్కుడుకాయ కూడా తీపేనా ఏంటే?"

"ఒక్కసారి అత్తయ్యగారూ."

ఈసారి కోడలు కూడా సింకు దగ్గరికి వెళ్లింది. చిన్నపిల్లకి కడిగినట్టు ఆవిడ చేతులు తనే కడిగింది, తనే తుడిచింది. రెండో చేతి వేలు గుచ్చింది. పెద్దాయన ఆటలు ఆపేశాడు. ఆయనకి మిషన్లు తెలియవు గానీ మొహాలు తెలుసు.

ఇందాకటి అంకే మళ్లీ వచ్చింది. ఆ రోజు కొట్లో ఆయన వేలు చూపించిన దానికన్నా పెద్దది.

"ఉదయం ఏం తిన్నారు అత్తయ్యగారూ?" అని మెల్లగా అడిగింది కోడలు. ఎన్ని అని అడగలేదు.

"ఏముందమ్మా, ఓ ముద్ద తిన్నాను. ఆయన తినకపోతే నాకు మాత్రం ఏం దిగుతుంది?" ఆవిడ ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూసింది. "ఏమైంది? ఎందుకలా ఉన్నారు?"

అప్పుడే కొడుకు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. చేతి సంచిలో పళ్లు. మాగిన మామిడిపండు వాసన ఇల్లంతా కమ్ముకుంది. "నాన్నా, నొక్కలేదు, వాసన చూసే తెచ్చా" అన్నాడు సంబరంగా. ఎవరూ అతని వైపు తిరగలేదు.

పెద్దాయన భార్య చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"తిన్నానని చెప్పవే" అన్నాడు. "ఎక్కడో ఓ చోట, నాకు తెలియకుండా, ఓ పండు తిన్నానని చెప్పు. నేనేమీ అనను."

ఆవిడకి అప్పుడు అర్థమైంది. తల అడ్డంగా ఊపింది.

"మీరు మానేసిన రోజు నుంచీ నేనూ ముట్టుకోలేదండీ" అంది. "నిజం."

ఈసారి ఆ మాట నమ్మనివాళ్లు ఆ ఇంట్లో ఒక్కళ్లు కూడా లేరు.